పిక్సెల్‌కు ఒక గుంట: చెరువుల లెక్కకు కోపర్నికస్ బ్రౌజర్ ఎంతవరకు పనికొస్తుంది

సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలో ఒక్కో గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. అంటే వంద చదరపు మీటర్లు. మన గుంట 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. యూరప్ వాళ్లు మన పాసుపుస్తకాలు చూసి కెమెరా చేయించలేదు గానీ లెక్క మాత్రం భలే కుదిరింది. పిక్సెల్‌కు ఒక గుంట, నలభై పిక్సెళ్లకు ఒక ఎకరం. సెంట్లలో చెప్పుకునే ఆంధ్ర వైపు పిక్సెల్ అంటే రెండున్నర సెంట్లు. ఈ కొలత మనసులో పెట్టుకుంటే, ఆ బొమ్మలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ దగ్గర ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో సగం తెలిసిపోతుంది.

మిగతా సగం ఇది: మట్టి పోసి కబ్జా చేస్తున్న చెరువు గురించి "ఇందులో మట్టి ఎప్పుడు పడింది?" అని అడిగితే ఈ సేవ చాలా బాగా చెబుతుంది. "ఎక్కడిదాకా పడింది?" అంటే ఉజ్జాయింపుగా చెబుతుంది. "ఏ సర్వే నంబరులో?" అంటే చెప్పలేదు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పించబోయి మొదటి ప్రశ్నకు దొరికే గట్టి జవాబును పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

యూరోపియన్ యూనియన్ కోపర్నికస్ కార్యక్రమం ఉపగ్రహాల బొమ్మలన్నిటినీ ఉచితంగా ఇస్తుంది. అందుకు ముందున్న ఓపెన్ యాక్సెస్ హబ్ స్థానంలో 2023లో కోపర్నికస్ డేటా స్పేస్ ఎకోసిస్టమ్ వచ్చింది. దానికి వీధి గుమ్మం లాంటిది ఈ బ్రౌజర్. పాత హబ్‌లో ఒక చెరువు చూడాలంటే జీబీ దగ్గర దగ్గర బరువుండే ఫైలు మొత్తం దించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మీకు కావలసిన ముక్క మాత్రమే తెర మీదకు వస్తుంది. చూడటానికి లాగిన్ అక్కర్లేదు. విలువలతో సహా దించుకోవడానికి ఖాతా కావాలి, అదీ ఉచితమే. ఫోన్‌లో తెరుచుకుంటుంది గానీ హద్దు గీయాలంటే మౌస్ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోవడమే మేలు.

తేదీ పట్టుకోవడం

వెతుకు పెట్టెలో ఊరి పేరు కొడితే వస్తుంది. చిన్న చెరువుల పేర్లు రావు. గూగుల్ మ్యాప్‌లో చెరువు మీద నొక్కి, అక్షాంశ రేఖాంశాలు కాపీ చేసి ఇక్కడ అతికించండి. తర్వాత సెంటినెల్-2 ఎల్2ఏ ఎంచుకోండి. ఎల్1సీ అంటే వాతావరణం పైనుంచి కనిపించింది కనిపించినట్టు ఇచ్చేది. ఎల్2ఏలో గాలిలోని పొగమంచు, ధూళి ప్రభావం తీసేసి ఇస్తారు. 2018 డిసెంబరుకు ముందు తేదీలకు ఎల్2ఏ కనిపించకపోతే ఎల్1సీకి మారండి. కానీ ఒక ఏడాది ఎల్1సీ, ఇంకో ఏడాది ఎల్2ఏ పెట్టి అంకెలు పోల్చకండి. తేడా చెరువులో కాదు, గాలిలో ఉంటుంది.

మబ్బుల శాతం పెట్టే స్లైడర్ దగ్గర చాలామంది పొరపడతారు. పది శాతం లోపు అని పెట్టేసి, బొమ్మలే లేవంటారు. ఆ శాతం మీ చెరువుది కాదు. దాదాపు 110 కిలోమీటర్ల చదరంగా ఉండే ఒక పెద్ద టైల్ మొత్తానిది. టైల్‌లో అరవై శాతం మబ్బున్నా మీ చెరువు మీద ఎండ కాస్తుండొచ్చు. ఐదు శాతమే ఉన్నా అది సరిగ్గా మీ కట్ట మీదే కూర్చోవచ్చు. స్లైడర్‌ను డెబ్భై దాకా లాగి, ఒక్కో తేదీ కళ్లతో చూసుకోండి. సమయం పడుతుంది గానీ వేరే దారి లేదు.

రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి మన మీదుగా వెళ్తాయి, ఉదయం పదిన్నర దాటాక. ఏడాదికి 73 సార్లన్నమాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాటిలో ఎక్కువ భాగం దూదిపింజల బొమ్మలే. నవంబరు నుంచి మే దాకా మాత్రం పండగ. మట్టి పోసే పని ఎక్కువగా జరిగేది కూడా నీళ్లు తగ్గే ఈ నెలల్లోనే కాబట్టి, మనకు కావలసినప్పుడే కన్ను తెరుచుకుని ఉంటుంది. లారీలు తిరిగిన వారం ఏదో ఐదు పది రోజుల తేడాతో చెప్పగలగడం ఈ సేవలో అన్నిటికన్నా గట్టి సంగతి. ఏ శాఖ దగ్గర దస్త్రం లేకపోయినా 2015 జూన్‌లో మొదటి సెంటినెల్-2 ఎగిరినప్పటి నుంచి పోగైన బొమ్మలు మాత్రం ఉంటాయి.

పూడ్చిన చెరువునూ ఎండిన చెరువునూ ఒకే గాటన కట్టకుండా ఉండాలంటే అంచు చూడాలి. చెరువు ఎండేటప్పుడు నీళ్లు కట్ట వైపుకు వెనక్కి జరుగుతాయి. కట్టకు ఎదురుగా, లోతు తక్కువున్న శిఖం వైపు ముందు తేలుతుంది. ఆ అంచు వంకరగా, నేల వాలును బట్టి పోతుంది. మట్టి పోసిన అంచు తిన్నగా ఉంటుంది. కూల్చిన ఇళ్ల శిథిలాలైతే ట్రూ కలర్‌లో, అంటే కంటికి కనిపించే రంగుల్లో, తెల్లగా మెరుస్తాయి. చుట్టూ ఉన్న తడి మట్టి ముదురు గోధుమ రంగులో ఉంటే ఇది సున్నం పూసినట్టు కనిపిస్తుంది. అసలు పరీక్ష మరుసటి వానాకాలం తర్వాత. అలుగు పారిన ఏడాది కూడా ఆ తెల్ల ముక్క మునగకపోతే, అది ఎండిన నేల కాదు, ఎత్తు పెంచిన నేల.

అందుకే పోల్చేటప్పుడు ఒకే నెల తీసుకోవాలి. అక్టోబరు బొమ్మ పక్కన మే బొమ్మ పెట్టి "సగం చెరువు మాయం" అనే పోస్టులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, వాటికి విలువ లేదు. ఒకే నెల అయినా వాన లెక్క చూసుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను వరద ముంచెత్తింది. ఆ నవంబరులో నిండుకుండల్లా ఉన్న చెరువులతో మామూలు ఏడాదిని పోలిస్తే ప్రతి చెరువూ కబ్జా అయినట్టే తేలుతుంది. కనీసం నాలుగైదు ఏళ్ల డిసెంబరు బొమ్మలు వరసగా పెట్టి చూడండి. బ్రౌజర్‌లో ఉన్న టైమ్‌ల్యాప్స్ ఈ పని తేలిక చేస్తుంది. కంపేర్‌లో రెండు తేదీల మధ్య తెర జరుపుతూ చూడటం ఇంకా బాగుంటుంది.

నీటిని నీరని గుర్తించడం

నీటి సూచిక అయిన ఎన్‌డీడబ్ల్యూఐ పొర నొక్కితే నీరు నీలంగా, నేల ఆకుపచ్చగా వస్తుంది. వెనకాల జరిగేది చిన్న లెక్కే: ఆకుపచ్చ కాంతి పట్టే బీ3లోంచి పరారుణ కాంతి పట్టే బీ8 తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగిస్తారు. నీరు పరారుణాన్ని మింగేస్తుంది కాబట్టి జవాబు సున్నా కన్నా పైన వస్తుంది. ఇదే పేరుతో ఇంకో సూచిక కూడా వాడుకలో ఉంది, అది ఆకుల్లోని తేమకు. బ్రౌజర్‌లో దాన్ని మాయిశ్చర్ ఇండెక్స్ అని విడిగా పెట్టి మంచి పని చేశారు. పాత వ్యాసాలు చదివి వచ్చేవాళ్లు ఇక్కడ తికమకపడతారు.

అన్నిటికన్నా పెద్ద మోసం గుర్రపుడెక్క. మురుగు చేరిన చెరువు మీద అది చాపలా పరుచుకుంటే ఉపగ్రహానికి కనిపించేది ఆకులే. ఎన్‌డీడబ్ల్యూఐ అక్కడ "నేల" అంటుంది. పచ్చదనం కొలిచే ఎన్‌డీవీఐ పెడితే ఇంకా ఘోరం, బ్రహ్మాండంగా పండుతున్న పొలమంటుంది. నిండా నీళ్లున్న చెరువు రెండు నెలల్లో యాభై ఎకరాలు "తగ్గినట్టు" తేలుతుంది, తర్వాత యంత్రాలు పెట్టి డెక్క తీయగానే మళ్లీ "పెరుగుతుంది". గాలికి డెక్క ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు కొట్టుకుపోతుంది కూడా. ఐదు రోజుల తేడాతో తీసిన రెండు బొమ్మల్లో పచ్చ ముక్క చోటు మారితే అది డెక్కే. పొలం నడవదు.

రెండో మోసం నీడ. డిసెంబరులో ఉపగ్రహం వచ్చే వేళకు హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 43 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. వంద మీటర్ల టవర్ నీడ వాయవ్యం వైపు వంద మీటర్లు దాటి పడుతుంది, అంటే పది పిక్సెళ్లు. చెరువు పక్కన అపార్టుమెంట్లు లేచిన చోట ఆ నీడను సూచికలు నీరని లెక్కేస్తాయి. అదే మే నెలలోనైతే సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి నీడ సగం కూడా ఉండదు. అనుమానం వస్తే, ఒక్కో పిక్సెల్‌కు నీరు, నీడ, మబ్బు అని పేరు పెట్టే సీన్ క్లాసిఫికేషన్ పొర చూడండి. అదీ నీడను నీరనీ నీరును నీడనీ అప్పుడప్పుడు పొరబడుతుంది, దాని మాటే చివరి మాట అనుకోకండి.

మురికి నీళ్లకు, ఊరి మధ్య చెరువులకు బీ8 బదులు ఇంకా పొడవైన తరంగాల పరారుణం పట్టే బీ11 పెట్టి చూస్తే మేలు. కస్టమ్‌లోకి వెళ్లి, ఇండెక్స్ అన్న చోట మొదటి వలయంలోకి బీ3, రెండో వలయంలోకి బీ11 లాగి వదలండి. కాంక్రీటు, డాబాలు నీళ్లలా కనిపించే తప్పు బాగా తగ్గుతుంది. ధర ఏమిటంటే, బీ11 ఇరవై మీటర్ల బ్యాండు. అంటే పిక్సెల్‌కు నాలుగు గుంటలు. పెద్ద చెరువుకు ఇది పట్టదు, ఐదెకరాల కుంటకు ప్రాణం మీదకొస్తుంది.

ఆ ఐదెకరాల కుంట సంగతే లెక్కేద్దాం. రెండు వందల పిక్సెళ్లు. చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు పద్నాలుగు. అంచున పడేవి యాభై పైమాటే. ఆ యాభైలో ప్రతిదీ సగం నీరు, సగం గట్టు. అంటే మీ లెక్కలో నాలుగో వంతు మొదటి నుంచే సందిగ్ధం. కుంటలు చదరంగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. వంద ఎకరాల చెరువుకైతే అంచు పిక్సెళ్లు ఆరేడు శాతమే. పది ఎకరాల కన్నా చిన్న నీటి వనరుకు ఎకరాలతో సహా "ఇంత పోయింది" అని ఈ బొమ్మలతో చెప్పడం సాహసం. "ఫలానా వారంలో ఈ మూల రంగు మారింది" అని చెప్పడం మాత్రం న్యాయం.

దించుకునేటప్పుడు పది శాతం దొంగతనం

ఇది ఎవరూ హెచ్చరించని చోటు. డౌన్‌లోడ్‌లో ఎనలిటికల్ అన్న భాగంలో కోఆర్డినేట్ సిస్టమ్ ఎంచుకోమంటుంది. వెబ్ మెర్కేటర్‌తో దించుకుంటే భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ బొమ్మ సాగుతుంది. హైదరాబాద్ ఉన్న 17.4 డిగ్రీల దగ్గర పొడవు దాదాపు ఐదు శాతం, విస్తీర్ణం దాదాపు పది శాతం ఉబ్బుతుంది. వంద ఎకరాల చెరువు కాగితం మీద 110 ఎకరాలవుతుంది. డబ్ల్యూజీఎస్84 పెడితే పిక్సెళ్లు డిగ్రీల్లో వస్తాయి, వాటిని మీటర్లనుకుని గుణిస్తే జవాబు ఇంకో రకంగా తప్పు. మీటర్లలో కొలిచే యూటీఎం ఎంచుకోండి, రిజల్యూషన్ దగ్గర పది మీటర్లు పెట్టండి.

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం యూటీఎం 44వ జోన్, సంఖ్య 32644. కానీ ఆ జోన్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర మొదలవుతుంది. జహీరాబాద్, అనంతపురం 43లో పడతాయి. కర్నూలు సరిగ్గా గీత పక్కనే ఉంది. అటు శ్రీకాకుళం చివర 84 డిగ్రీల దగ్గర 45 మొదలు. ఒకే చెరువు ఒక తేదీన 43లో, ఇంకో తేదీన 44లో దిగితే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పిక్సెళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. రెండూ ఒకే జోన్‌వి ఎంచుకోవాలి, లేదా ఒకదాన్ని మార్చుకోవాలి.

రంగుల పొర దించుకుంటే వచ్చేవి రంగులే, విలువలు కావు. రా అన్న జాబితాలో బీ3, బీ8 టిక్ చేసి 16 బిట్ టిఫ్‌గా తీసుకోండి. తర్వాత క్యూజీఐఎస్‌లో రాస్టర్ కాలిక్యులేటర్‌తో సూచిక కట్టండి. నీటికీ నేలకూ మధ్య గీత సున్నా దగ్గరని పుస్తకాలు చెబుతాయి. మన చెరువుల్లో బురద, పాచి వల్ల అది కిందకు జారుతుంది. సూచిక హిస్టోగ్రామ్ తెరిస్తే రెండు మూపురాలు కనిపిస్తాయి, మధ్యలో ఉన్న లోయ దగ్గర కోయండి. కోసిన విలువ ఏదైనా సరే, పోల్చే అన్ని తేదీలకూ అదే వాడారా లేదా రాసుకోండి. గీత దాటిన పిక్సెళ్లను లెక్కపెట్టడానికి యూనిక్ వాల్యూస్ రిపోర్ట్ చాలు. వచ్చిన సంఖ్యే గుంటలు.

పూర్తి ఫైలు దించుకునేవాళ్లకు ఒక మాట. 2022 జనవరి 25 నుంచి ఫైళ్లలో ప్రతి విలువకూ వెయ్యి కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేసి, పదివేలతో భాగించాలి. తీయకపోతే సూచిక సున్నా వైపు జారి, 2022 తర్వాత రాష్ట్రంలో ప్రతి చెరువూ పాడైపోయినట్టు కనిపిస్తుంది. బ్రౌజర్ పొరల్లో ఈ సర్దుబాటు వాళ్లే చేసి ఇస్తారు.

కొల్లేరులో నీలం పెరిగితే సంతోషించకండి

ఈ సేవను గుడ్డిగా నమ్మితే ఎంత తలకిందులవుతుందో కొల్లేరు చూపిస్తుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇదంతా తెలిసిందే. ఇప్పుడు ఎన్‌డీడబ్ల్యూఐ పెట్టి చూడండి. ముదురు నీలంగా, శుభ్రంగా మెరిసేవి చేపల చెరువులు. సరస్సు అసలు ఒళ్లు మాత్రం నాచు, గడ్డి, డెక్కతో నిండి పచ్చగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. నీలం పిక్సెళ్లు లెక్కపెట్టి "కొల్లేరులో నీరు పెరిగింది" అని రాస్తే, పెరిగింది సరస్సు కాకుండా గట్లు కట్టిన చేపల చెరువులు కావచ్చు.

ఇక్కడ సూచిక కన్నా ఆకారమే నమ్మదగ్గది. పరారుణాన్ని ఎరుపుగా చూపే ఫాల్స్ కలర్ పెట్టి దగ్గరగా జూమ్ చేయండి. చేపల చెరువు గట్టు వెడల్పు పిక్సెల్‌లో సగం కూడా ఉండదు, అయినా కనిపిస్తుంది. నల్లటి నీళ్ల మధ్య పొడి మట్టి, గడ్డి ఉన్న గట్టు పడిన ప్రతి పిక్సెల్ కొంచెం తేలిక రంగుకు మారి, వరసగా గీతవుతుంది. తిన్నటి గీతలు, లంబకోణాలు. ప్రకృతిలో సరస్సు అంచుకు లంబకోణం ఉండదు. గట్టు వెడల్పు ఎంతో ఈ బొమ్మ చెప్పలేదు, గట్టు వేశారని మాత్రం చెబుతుంది. చెరువు ఎండగట్టి చేపలు పట్టిన వారం ఆ గడి మట్టిరంగుకు తిరుగుతుంది, నింపగానే మళ్లీ నల్లబడుతుంది. చుట్టూ సరస్సు మట్టం మెల్లగా మారుతుంటే ఒక్క గడి మాత్రం టక్కున రంగు మారిందంటే అక్కడ మోటారు, తూము పెట్టి నడిపే చెరువు ఉన్నట్టే.

వరదకు రాడార్, ఊళ్లోకి మాత్రం కాదు

మబ్బుల కాలంలో దిక్కు సెంటినెల్-1. రాడార్ కాబట్టి మబ్బులు, రాత్రి దానికి అడ్డు కావు. 2021 డిసెంబరులో 1బీ మూగబోయాక ఒక్క 1ఏతోనే పన్నెండు రోజులకోసారి వచ్చేది. 2024 డిసెంబరులో 1సీ ఎగిరింది. వరద మూడు రోజుల్లో వచ్చి పోయేదైతే ఇది సరిగ్గా ఆ రోజు మన మీద ఉండటం అదృష్టమే.

నునుపైన నీరు రాడార్ తరంగాన్ని అద్దంలా అవతలికి తోసేస్తుంది, తిరిగి రాదు, నల్లగా కనిపిస్తుంది. వీవీ పొరలో (నిలువుగా పంపి నిలువుగానే అందుకునే తరంగం) మైనస్ 15, మైనస్ 18 డెసిబెళ్ల కిందకు పోతే నీరని అనుమానించొచ్చు. గాలికి అలలు లేస్తే అదే నీరు తెల్లబడుతుంది. రన్‌వే, కొత్త తారు రోడ్డు, ఎండిన ఇసుక నీళ్లలా నల్లగా ఉంటాయి. మన డెల్టాలో ఇంకో తంటా ఉంది. వరినాట్లకు దమ్ము చేసిన పొలం నిండా నీళ్లే. జులై, ఆగస్టుల్లో గోదావరి జిల్లాల మీద రాడార్ పెడితే కోనసీమ అంతా మునిగినట్టుంటుంది. కాబట్టి ముంపు బొమ్మ ఒక్కటే ఎప్పుడూ పెట్టకండి. ఉపగ్రహం ముంపుకు ముందు వెళ్లినప్పటి బొమ్మ, అదీ ఒకే దిశలో అదే కక్ష్యలో తీసింది, పక్కన ఉండాలి. ఉత్తరానికి ఎక్కే దిశ బొమ్మను దక్షిణానికి దిగే దిశ బొమ్మతో పోలిస్తే కొండలు కూడా కదులుతాయి.

2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగింది. అలాంటి ఊరి ముంపును ఈ రాడార్‌తో కొలవబోతే నిరాశే. ఇళ్ల మధ్య వీధిలో నీరుంటే తరంగం నీటి మీద పడి, గోడకు తగిలి, నేరుగా వెనక్కి వస్తుంది. నల్లబడాల్సింది ఇంకా తెల్లగా మెరుస్తుంది. మామూలుగా నల్లని పిక్సెళ్లు లెక్కపెట్టే పద్ధతిలో ఊరి బయట పొలాలు మునిగినట్టు, జనం ఉన్న కాలనీ పొడిగా ఉన్నట్టు వస్తుంది. సహాయానికి పడవలు ఎటు పంపాలో ఈ బొమ్మ చూసి నిర్ణయించకూడదు. వరదప్పుడు హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ విడుదల చేసే ముంపు మ్యాపులు ఇస్రో పటాల సైటు భువన్‌లో ఉంటాయి, అవి చూడటం మంచిది. అక్కడా ఊరి మధ్య పరిమితి ఇదే.

మంటలకు ఈ బ్రౌజర్ కాకుండా, మంటలున్న చోట చుక్కలు పెట్టి చూపే నాసా సైటు ఫర్మ్స్ వాడండి. ఉపగ్రహాల మీదున్న వీఐఐఆర్‌ఎస్ పరికరం పెట్టే చుక్క ఒక్కోటి 375 మీటర్లు, అంటే 35 ఎకరాలు. చుక్క పడిందంటే 35 ఎకరాలు తగలబడ్డాయని కాదు, ఆ 35 ఎకరాల్లో ఎక్కడో మంట ఉందని. ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో వస్తాయి. సాయంత్రం నాలుగింటికి వరికొయ్యలు అంటించి చీకటి పడేలోపు ఆరిపోతే లెక్కలోకి రాదు. విశాఖ ఉక్కు కర్మాగారం, సిమెంటు బట్టీల మీద రోజూ పడే చుక్కలు పొలాల మంటలు కావు. నల్లమలలో కాలిన మేర కొలవడానికి మాత్రం సెంటినెల్-2లో బీ8, బీ12 వాడే సూచిక పనికొస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలిన అడవి కూడా కొంత కాలినట్టే చూపిస్తుంది కాబట్టి పోల్చే బొమ్మ కిందటి నవంబరుది కాకుండా మంటకు వారం ముందుదై ఉండాలి.

వాయు కాలుష్యం పొర కూడా ఉంది, సెంటినెల్-5పీ. పిక్సెల్ 5.5 కిలోమీటర్లకు 3.5. గుంటల్లో చెప్పుకోవడం దండగ. నేల నుంచి ఆకాశం దాకా ఉన్న వాయువు మొత్తం కొలుస్తుంది, మీ వీధిలో పీల్చేది కాదు.

భువన్‌తో పోలిస్తే

రెండూ పోటీ కావు. తేదీలు వెతకడంలో, పొరలు మార్చడంలో, విలువలు దించుకోవడంలో కోపర్నికస్ బ్రౌజర్ చాలా ముందుంది. భువన్‌లో ఉన్నది మన నేల గురించిన చదువు: 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాల భూ వినియోగ పటాలు 1:50,000 స్కేలులో ఉన్నాయి. సెంటినెల్ పుట్టకముందు ఆ నేలను చెరువుగా గుర్తించారా పొలంగానా అన్నది అక్కడ దొరుకుతుంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ భూనిధి పోర్టల్‌లో మన ఉపగ్రహాల లిస్-4 కెమెరా బొమ్మలు 5.8 మీటర్లవి, అంటే గుంటకు మూడు పిక్సెళ్లు. 2023 అంతరిక్ష విధానం తర్వాత ఐదు మీటర్లు, అంతకు మించి ముతకగా ఉన్న డేటా ఉచితం. అంచు లెక్కకు ఇది సెంటినెల్ కన్నా మెరుగు. వరసగా తేదీలు దొరకడంలో మాత్రం తక్కువ.

2015కు ముందు ఏం జరిగిందో వరసగా చూడాలంటే అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాలు ముఖ్యమైన దారి. పిక్సెల్ ముప్పై మీటర్లు, తొమ్మిది గుంటలు. 2003 మే తర్వాత లాండ్‌శాట్-7 బొమ్మల మీద నల్ల చారలుంటాయి, వాటిని కాలువలనుకోకండి.

ఇక గూగుల్ ఎర్త్ ప్రో. డాబా మీద ట్యాంకు కూడా కనిపించేంత స్పష్టం, పాత బొమ్మలూ ఉచితం. కానీ తేదీలు దాని ఇష్టం, మధ్యలో ఏడాది గ్యాప్ ఉండొచ్చు. "ఏం కట్టారు" అన్నది అందులో, "ఏ నెలలో" అన్నది ఇందులో చూసుకోవాలి.

ఫిర్యాదుకు జతచేసేవాళ్లకు

చెరువు ఎఫ్‌టీఎల్ అంటే అలుగు మట్టం దాకా నీరు నిండితే తాకే గీత. ఉపగ్రహం చూసేది ఆ రోజు ఉన్న నీరు. ఒక్క ఇంచు కబ్జా లేని చెరువు కూడా ఏప్రిల్‌లో ఎఫ్‌టీఎల్‌లో సగమే ఉండొచ్చు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో ఎఫ్‌టీఎల్ పటాలు ఆన్‌లైన్‌లో పెట్టారు. వాటి మీదుగా హద్దు గీసి కేఎంఎల్ అనే మ్యాపు ఫైలుగా బ్రౌజర్‌లో ఎక్కించొచ్చు. పటం స్కాన్ చేసి కూర్చోబెట్టేటప్పుడు పది పదిహేను మీటర్లు పక్కకు జరగడం మామూలే. సరిచూసుకోవడానికి కట్ట చివర్లు, అలుగు, రోడ్డు కూడలి లాంటి కదలని గుర్తులు మూడు నాలుగు పెట్టుకోండి. చెరువు నీటి అంచును గుర్తుగా వాడకండి, అది కదులుతుంది.

కాగితం మీద ఇవి ఉండాలి: ఉపగ్రహం పేరు, ఎల్1సీనా ఎల్2ఏనా, రెండు కాదు కనీసం నాలుగు తేదీలు, వాటిలో ఒకటి అలుగు పారిన ఏడాదిది. ఏ బ్యాండ్లతో సూచిక కట్టారు, ఏ విలువ దగ్గర కోశారు, ఎన్ని పిక్సెళ్లు వచ్చాయి, అందులో అంచున ఉన్నవి ఎన్ని. కోఆర్డినేట్ సంఖ్య. రంగులు పెంచిన బొమ్మ పెడితే పక్కన ట్రూ కలర్ కూడా పెట్టండి, లేదంటే ఎదుటి వకీలు మొదట అడిగేది ఆ రంగుల గురించే. విస్తీర్ణం రాసేటప్పుడు "3.27 ఎకరాలు" అని దశాంశాలతో రాయకండి. "సుమారు మూడు ఎకరాలు, అంచు పిక్సెళ్లు 44" అని రాస్తే, చదివే సర్వేయర్‌కు గొలుసు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.